గొలుసు బ్లైండ్లా, తాడు లేని బ్లైండ్లా: మా హన్మకొండ ఇంట్లో ఏ కిటికీకి ఏది మేలు?

మా మనవడికి పద్నాలుగు నెలలు. దసరాకు మా బిడ్డతో వచ్చినప్పుడు హాల్లో దివాన్ ఎక్కడం నేర్చుకున్నాడు. దివాన్ పైనే పడమటి కిటికీ. దానికి ఏడేళ్ల కింద పెట్టించిన జీబ్రా బ్లైండు, అంటే పలచటి, దట్టమైన చారల గుడ్డతో పైకి చుట్టుకునే తెర. పక్కన దాన్ని తిప్పే తెల్ల పూసల గొలుసు. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లోంచి వచ్చేసరికి వాడు ఆ గొలుసును దండలా తలమీదుగా వేసుకుని నన్ను చూసి నవ్వుతున్నాడు. ఏమీ కాలేదు. నేను తీసేశాను, వాడు ఏడ్చాడు, అంతే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే టేపు పట్టుకుని కిటికీలన్నీ కొలిచాను.

ఆ గొలుసుకు కొసలు ఉండవు, మొత్తం ఒక ఉచ్చు. పెద్దవాళ్ల చేతికి అందాలని కిందికి వదిలితే పిల్లల మెడకూ అందుతుంది. పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు, గొంతు గొట్టం మెత్తన. కాలు జారితే వాళ్ల బరువే ఉచ్చును బిగిస్తుంది. అరుపు బయటికి రాదు కాబట్టి పక్క గదిలో ఉన్నవాళ్లకు తెలియదు. అమెరికాలో అయిదేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలు ఏటా సగటున తొమ్మిది మంది ఇలా పోతున్నారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ లెక్క చెప్పింది. 2009 డిసెంబరులో అయిదు కోట్లకు పైగా రోమన్ (మడతలుగా పైకి లేచే గుడ్డవి), రోల్-అప్ (చుట్టుకునేవి) బ్లైండ్లకు అక్కడ రీకాల్ ప్రకటించారు. 2018 డిసెంబరు నుంచి రెడీమేడ్‌గా అమ్మే వాటికి, 2024 జూన్ నుంచి కొలతలిచ్చి చేయించుకునే వాటికి కూడా వేలాడే తాళ్ల మీద కొత్త ప్రమాణాలు వచ్చాయి. మన దగ్గర కొలతలిచ్చి చేయించుకునేవే ఎక్కువ. మనం నోరు తెరిచి అడగకపోతే గొలుసుదే వస్తుంది.

గొలుసు లేని స్ప్రింగుది కావాలని నేను అడిగాను. కొలతలకు వచ్చిన పిల్లాడు మొహమాటం లేకుండా చెప్పాడు: "అక్కా, గొలుసు ఉంటెనే మంచిగుంటది. స్ప్రింగుది రెండేండ్లకు లూజ్ అయితది. మళ్ల నన్నే తిడ్తరు." అతని మాటలో కొంత నిజం ఉంది, అది తర్వాత చెప్తాను.

అన్నిటికంటే చవక పని, ఉన్న బ్లైండును ఉంచి గొలుసును గోడకు బిగించడం. గొలుసు అడుగు వంపులో ఇమిడే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది. గొలుసు బిగుతుగా నిలిచే చోట దాన్ని గోడకు స్క్రూ వేస్తే, గొలుసు గోడ వెంబడి తిరుగుతుంది తప్ప తల దూరే సందు ఉండదు. మా బ్లైండుతో ఆ క్లిప్పు వచ్చింది కూడా. ఏడేళ్లుగా గొలుసుకు తాయెత్తులా వేలాడుతూనే ఉంది, ఎవరూ గోడకు బిగించలేదు. అది దేనికో నాకూ తెలియదు, ఆ రోజు పెట్టిపోయినవాళ్లూ చెప్పలేదు. ఒకసారి మీ ఇంట్లో గొలుసు అడుగు వంపు చూడండి.

క్లిప్పుతో రెండు చిక్కులు. మొదటిది గోడ. మాది పాత ప్లాస్టరింగ్, డ్రిల్ పెడితే ఇసుకలా రాలుతుంది. స్క్రూ వదులైతే కథ మొదటికే. రెండోది ఎత్తు. గొలుసు అడుగు నేలకు కనీసం 150 సెంటీమీటర్ల పైన ఉండాలని బ్రిటన్‌లో చెప్తారు. మన హాల్లో కిటికీ కింద దివాన్ ఉంటుంది కదా, దాని మీద నిలబడ్డ పిల్లవాడికి నేల అడుగున్నర పైకి వచ్చినట్టే. ఇక వెనీషియన్ బ్లైండ్ల (అడ్డ పలకలవి) తాడును పైన కొక్కేనికి చుట్టి పెట్టడం కూడా ఒక దారే, కానీ రోజూ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చుట్టాలి. ఆ ఎవరో ఒకరు ఎవరో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు.

స్ప్రింగు బ్లైండుకు వేలాడేది ఏమీ ఉండదు. కింది పట్టీ పట్టుకుని లాగితే దిగుతుంది, నెడితే పైకి పోతుంది, వదిలిన చోట ఆగుతుంది. పాత రకాలలో ఒకసారి లాగి వదిలితే టపీమని పైకి ఎగిరేది, ఇప్పటివి అలా కావు. మా పడకగదికి పెట్టించింది ఇదే. మూడడుగుల వెడల్పు కిటికీకి దీన్ని మించింది లేదు.

హాలు కిటికీ ఆరడుగులు. గొలుసు ఉంటేనే మంచిదన్న ఆ పిల్లాడి మాటలో నిజం అక్కడే తెలిసింది. వెడల్పు ఎక్కువైతే గుడ్డ బరువు పెరుగుతుంది, మధ్యలో కాకుండా ఓ పక్క పట్టుకుని లాగితే బ్లైండు ఏటవాలుగా చుట్టుకుని అంచు ఫ్రేముకు రాసుకుంటుంది. అందుకే మూడేసి అడుగులవి రెండు చేయించాం. మధ్యలో వేలెడంత సందు మిగిలింది. సాయంత్రం నాలుగింటికి ఆ సందులోంచి ఎండ గీత సరిగ్గా టీవీ మీద పడుతుంది. పదిహేను నిమిషాలు సీరియల్ ఆగిపోతుందని మా అమ్మ ఫిర్యాదు.

ఆమెకు అసలు ఫిర్యాదు వేరే ఉంది. కిటికీ పై అంచు ఏడడుగులు. బ్లైండు పూర్తిగా చుట్టేస్తే పట్టీ అక్కడికి పోతుంది, ఆమె ఎత్తు అయిదడుగులు కూడా లేదు. "పట్టుకునేందుకు ఒక తాడు కట్టిస్త అమ్మా" అన్నాడు బిగించే పిల్లాడు. తాడు తీసేయడానికి ఇంత ఖర్చు పెట్టి మళ్లీ తాడా! చివరికి కొక్కెం ఉన్న సన్నటి కర్ర ఒకటి ఇచ్చాడు, అది తలుపు వెనక ఉంటుంది. జీబ్రా గుడ్డ చారలు వరసకు తెచ్చే పని కూడా గొలుసుతో అయినంత సులువుగా చేత్తో కాదు, అది ఒప్పుకోవాలి.

మొత్తం మార్చకుండా లోపలి మెకానిజం ఒక్కటే మార్చొచ్చా అని కూడా అడిగాను. గొట్టం సైజు కుదిరితే కుదురుతుంది. మా దగ్గర ఒకదానికి కుదిరింది, రెండోదానికి కుదరలేదు. రోమన్ బ్లైండ్లు కొనేవాళ్లు మాత్రం కార్డ్‌లెస్ (తాడు లేనిది) అన్న మాట నమ్మి ఆగకండి, వెనక్కి తిప్పి చూడండి. ముందు తాడు లేకున్నా వెనక సన్న దారాలు నిలువునా ఉండొచ్చు, వేలు పెట్టి లాగితే ఉచ్చులా సాగితే వద్దు.

మోటారుది చూపించినప్పుడు ఇంట్లో అందరూ ముచ్చటపడ్డారు. మాకు చెప్పిన ధరలో మోటారు ఒక్కటే బ్లైండు కంటే ఎక్కువ. బ్యాటరీది అయితే కరెంటు పోయినా పని చేస్తుంది, ఛార్జింగ్ పెట్టడం గుర్తుండాలి. ధర కంటే నన్ను ఆపింది రిమోటు. వెనక మూత తీస్తే బిళ్లలాంటి బటన్ సెల్ ఉంది. పిల్లలు దాన్ని మింగితే ఆహారనాళం కొన్ని గంటల్లోనే లోపల కాలిపోతుంది. గొలుసు తీసేసి బటన్ సెల్ తెచ్చి పెట్టుకోవడం ఏం తెలివి? మూతకు స్క్రూ ఉన్న రిమోటు అయితే కొంత నయం. చేతికందని ఎత్తు కిటికీలున్న డూప్లెక్స్ ఇళ్లకు మోటారు సరే, మాకు వద్దనుకున్నాం.

మామూలు కర్టెన్ ఉండనే ఉంది. రాడ్డు, రింగులు, మందం గుడ్డ. ఉతుక్కోవచ్చు, కుట్టించుకోవచ్చు, పిల్లవాడు లాగితే మహా అయితే రాడ్డు ఊడుతుంది (అదీ తల మీద పడకుండా గట్టిగా బిగించాలి). తొట్టెల ఉన్న చిన్న గదికి నేను కర్టెనే వేశాను, తొట్టెలను కిటికీకి దూరంగా జరిపాను.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మే నెలలో వరంగల్ ఎండ 45 డిగ్రీల దగ్గర ఆడుతుంది. బ్లైండు మారిస్తే ఇల్లు చల్లబడుతుందని ఆశపడకండి. గొలుసుదైనా, స్ప్రింగుదైనా అద్దానికి లోపల ఉంటుంది, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. దాన్ని ఆపాలంటే అద్దానికి బయట, సజ్జ కింద వెదురు తడికె కట్టాలి. మేం కట్టాం కూడా. మూడో వారం కోతులు వచ్చి దాన్ని ఊయల చేసుకున్నాయి. ఇప్పుడు గ్రిల్లుకు లోపలి వైపు కట్టాం. సగం లాభం, అయినా సరే.

మెట్ల దగ్గరి పొడుగు కిటికీకి పాత గొలుసు బ్లైండునే ఉంచాను. దాని కింద ఎక్కడానికి ఏమీ లేదు, గోడ కాంక్రీటు, క్లిప్పు గట్టిగా కూర్చుంది. మిగతా గొలుసులను పాత సామాన్ల అతనికి వేసే ముందు కటింగ్ ప్లేయర్‌తో ఒక్కోటీ రెండు మూడు చోట్ల తెంపాను. అతని బండి వెంట చిన్న పాప ఉంటుంది, పూసలు కనిపిస్తే మెడలో వేసుకుంటుంది.