జీడి తొక్క గ్యాసిఫైయర్ పరిశోధనకు సర్కారు సొమ్ము: పూర్తి గ్రాంటా, సగం గ్రాంటా, అప్పా? ఏది మేలు?

పలాస-కాశీబుగ్గలో టన్ను జీడిపిక్కలు ఆడిస్తే పప్పు 200 నుంచి 250 కిలోలు దిగుతుంది. మిగతాదాంట్లో సింహభాగం తొక్కే, 650 కిలోలకు అటూఇటూ. ఎక్స్‌పెల్లర్‌లో వేసి నూనె పిండేశాక మిగిలే పిప్పి కూడా కిలోకు 4,500 కిలో క్యాలరీల దాకా వేడినిస్తుంది. రైసుమిల్లు ఊక ఇచ్చేది 3,000 నుంచి 3,500. అంటే శ్రీకాకుళం జిల్లాలో ఇంధనానికి కరువు లేదు, దాన్ని ముందు గ్యాసుగా మార్చి, పొగ లేకుండా, గొట్టాలు పూడకుండా మండించే యంత్రానికే, అంటే గ్యాసిఫైయర్‌కే కరువు. ఆ యంత్రం మీద పరిశోధన చేద్దామనుకునే కాలేజీలకు, జీడి పరిశ్రమల వాళ్లకు కేంద్రం దగ్గర మూడు రకాల డబ్బు ఉంది: పూర్తి గ్రాంటు, సగం గ్రాంటు, అప్పు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ముందు నిలబడి, ఫ్యాక్టరీ తన వాటా డబ్బుతో పక్కన నిలబడే సగం గ్రాంటే ఈ పనికి మేలన్నది మా లెక్క. ఎందుకో చెప్పేముందు పెద్ద అంకెల సంగతి తేల్చాలి.

పెద్ద అంకెలు మనవి కావు

2025-26 కేంద్ర బడ్జెట్లో అణుశక్తి మిషన్‌కు 20,000 కోట్లు ప్రకటించారు. చిన్న మాడ్యులర్ రియాక్టర్ల పరిశోధన, అభివృద్ధి కోసం ఆ డబ్బు. 2033 నాటికి దేశంలోనే రూపొందించిన రియాక్టర్లు కనీసం ఐదు నడవాలన్నది లక్ష్యం. ఈ మాట వినగానే మన దగ్గర కొవ్వాడను తలుచుకుంటారు. రెంటికీ సంబంధం లేదు. రణస్థలం మండలం కొవ్వాడలో అనుకున్నవి 1,208 మెగావాట్ల వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు, బయటి డిజైన్. 20,000 కోట్లు వెళ్లేది అణుశక్తి శాఖ సొంత డిజైన్లకు. జిల్లాలోని ఇంజనీరింగ్ కాలేజీ దరఖాస్తు పెట్టుకునే చోటు కాదది.

గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కూడా అంతే. 2023 జనవరిలో మంత్రివర్గం ఒప్పుకున్న 19,744 కోట్లలో 17,490 కోట్లు ఉత్పత్తి ప్రోత్సాహకాలకే. పరిశోధనకు 400 కోట్లు, అంటే వందకు రెండు రూపాయలు. ఆ 400 కోట్ల మీద కన్నేసి గ్యాసిఫైయర్ ప్రతిపాదనకు హైడ్రోజన్ అని పేరు తగిలించేవాళ్లున్నారు. గాలితో నడిచే గ్యాసిఫైయర్ నుంచి వచ్చే గ్యాసులో హైడ్రోజన్ 15 నుంచి 20 శాతం ఉంటే, నత్రజని దాదాపు సగం ఉంటుంది. ఆ నత్రజనిని విడదీసే ఖర్చుకు ప్రాజెక్టు మునిగిపోతుంది. హైడ్రోజన్ కావాలంటే ఆక్సిజన్‌తోనో ఆవిరితోనో నడిచే రియాక్టరు కావాలి, అది వేరే యంత్రం. నిపుణుల కమిటీ మొదటి పేజీలోనే పట్టేస్తుంది.

మనకు సరిపడే పద్దు వీటి పక్కన చాలా చిన్నది. పునరుత్పాదక ఇంధన శాఖ వారి పరిశోధన, సాంకేతికాభివృద్ధి కార్యక్రమానికి 2021-22 నుంచి 2025-26 దాకా ఐదేళ్లకు కలిపి 228 కోట్లు. చిన్నదే కానీ, గ్యాసిఫైయర్ లాంటి పనిని తనదిగా చూసే పద్దు ఇదే. ఆ ఐదేళ్ల గడువు అయ్యాక వచ్చే ప్రకటనలో షరతులు ఎలా ఉన్నాయో చదివాకే కాగితం మొదలుపెట్టండి.

అసలు చిక్కు యంత్రంలో ఉంది

ఏ డబ్బు మేలో తేలాలంటే యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో తెలియాలి.

తొక్కను నేరుగా బాయిలర్ కింద వేస్తే మండుతుంది, బాగానే మండుతుంది. కానీ తొక్క నూనె ఫినాల్ జాతిది. చాలినంత గాలి, వేడి అందకపోతే సగం కాలి కళ్లు మండించే పొగవుతుంది, మసి బాయిలర్ గొట్టాలకు పట్టి ఆవిరి తగ్గిపోతుంది. గ్యాసిఫైయర్‌లో తక్కువ గాలితో ముందు గ్యాసు చేసి, ఆ గ్యాసును వేరే బర్నర్లో పూర్తి గాలితో మండిస్తే పొగ బాధ చాలావరకు తీరుతుంది. గంటకు 100 కిలోల పిప్పి వేస్తే 4.5 లక్షల కిలో క్యాలరీలు. గ్యాసిఫైయర్‌లో వందకు 80, బాయిలర్‌లో వందకు 80 దక్కాయనుకుంటే గంటకు సుమారు 450 కిలోల ఆవిరి. పిక్కలు ఉడకబెట్టడానికీ, బోర్మాలో (వేడిగాలి గదిలో) పప్పు ఆరబెట్టడానికీ ఒక మధ్యతరహా పరిశ్రమకు చాలుతుంది.

కాగితం మీద ఇంత సులువు. నూనె పూర్తిగా తీయని తొక్క వేడెక్కగానే మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటుంది, హాపర్‌లో (సరుకు పోసే తొట్టిలో) వంతెన కట్టేస్తుంది. కింద నిప్పు ఖాళీ అవుతుంది, పైన సరుకు కదలదు. ఆపరేటర్ ఇనుప చువ్వతో పొడిస్తే ఒక్కసారిగా కూలి, గ్యాసు నాణ్యత పడిపోతుంది. తేమ 15 శాతం దాటితే నిప్పు ఉన్నచోట వేడి తగ్గి తారు పెరుగుతుంది. ఆరేడు గంటలు నడిపి గొట్టం మలుపు దగ్గర ఫ్లాంజి విప్పి చూడండి: లోపలి గోడకు బెల్లం పాకంలా నల్లటి పొర, వేలితో తీస్తే తీగ సాగుతుంది. గ్యాసును వేడిగా ఉండగానే బర్నర్‌కు పంపితే ఆ తారు కూడా మండిపోతుంది, గొట్టం ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. అదే గ్యాసును చల్లార్చి ఇంజనుకు పంపి కరెంటు తీయాలంటే తారు ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాముల లోపుండాలి. ఆ శుద్ధి యంత్రాల ఖర్చు, అవి కడిగిన నీళ్లను ఎక్కడ పోయాలన్న తలనొప్పి వేరు. అందుకే ఇక్కడి మొదటి ప్రాజెక్టు ఆవిరికే పెట్టాలి. కిలోంబావు పిప్పికి ఒక యూనిట్ వస్తుందని చెప్పి కరెంటు వైపు లాగే సలహాదారులకు నమస్కారం పెట్టి పంపేయొచ్చు.

మొత్తమ్మీద సైన్సు తెలిసిందే. తెలియనిది మన తొక్కతో, మన కూలీల చేతిలో, జులై తేమలో వెయ్యి గంటలు నడుస్తుందా అన్నది. ఈ దశకు ఏ డబ్బు అన్నదే ప్రశ్న.

పూర్తి గ్రాంటు

అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ 2023 చట్టంతో వచ్చింది, పరిశోధనలకు గ్రాంట్లిచ్చే పాత కేంద్ర బోర్డు సెర్బ్ ఇందులో కలిసిపోయింది. యువ అధ్యాపకుల కోసం పెట్టిన ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు కింద మూడేళ్లకు 60 లక్షల దాకా ఇస్తారు, ఓవర్‌హెడ్ (సంస్థ నిర్వహణ ఖర్చు) అదనం. తిరిగి కట్టక్కర్లేదు, సొంత వాటా అడగరు. ఎచ్చెర్ల, విజయనగరం, రాజాం కాలేజీల్లో పీహెచ్‌డీ చేసి కొత్తగా చేరినవాళ్లకు ఇది మంచి ఆసరా.

కానీ ఇది ప్రయోగశాల డబ్బు. ఒక జేఆర్ఎఫ్‌కు (జూనియర్ పరిశోధక విద్యార్థికి) నెలకు 37,000, మూడో ఏడు ఎస్ఆర్ఎఫ్‌గా (సీనియర్‌గా) 42,000 అంటే ఇంటద్దె భత్యం కాకుండానే మూడేళ్లకు 13.92 లక్షలు. గ్యాస్ అనలైజరు, తారు శాంప్లింగ్ సెట్టు కొన్నాక యంత్రానికి మిగిలేది గంటకు ఐదో పదో కిలోలు తినే బుల్లి రియాక్టరు. వంద కిలోల దాంట్లో హాపర్ వంతెన కడుతుందో లేదో ఐదు కిలోలది చెప్పలేదు. చిన్న యంత్రం బాగా నడిచింది, పేపరు అచ్చయింది, యంత్రం వర్క్‌షాపు మూల చేరింది అన్న కథకు మూలం ఇదే.

డబ్బు వాడకంలోనూ మెలికలున్నాయి. పరికరాల పద్దులో మిగిలినదాన్ని జీతాలకో ముడిసరుకుకో మళ్లించాలంటే అనుమతి తప్పనిసరి. గ్రాంటు మీద వచ్చిన బ్యాంకు వడ్డీ ప్రభుత్వానిదే, తిరిగి జమ చేయాలి. డబ్బు ఎలా వాడారో చెప్పే జీఎఫ్ఆర్ 12-ఏ వినియోగ పత్రం వెళ్లనిదే తర్వాతి విడత రాదు. జీడి సీజను మార్చిలో మొదలై, విడత జులైలో వస్తే కొత్త పిక్కల సమయం పోతుంది. అందుకే శ్రీకాకుళం ప్రాజెక్టు షెడ్యూలు ఏప్రిల్-జూన్ నెలలను పరీక్షకు వదిలి, కొనుగోళ్లన్నీ అంతకుముందే అయ్యేలా రాసుకోవాలి.

సగం గ్రాంటు

పునరుత్పాదక ఇంధన శాఖ కార్యక్రమంలో ప్రభుత్వ, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు ఖర్చులో 100 శాతం వరకు ఇవ్వొచ్చు. పరిశ్రమలకు, స్టార్టప్‌లకు, ప్రైవేటు సంస్థలకు 50 నుంచి 70 శాతం వరకే. ఇక్కడే కిటుకు ఉంది. విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ, ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం లాంటివి ముందుండి దరఖాస్తు పెడితే వాళ్ల భాగానికి పూర్తి సాయం అడగొచ్చు. ఫ్యాక్టరీ తన భాగంలో మిగతాది పెట్టుకుంటుంది. ట్రస్టు పేరిట నడిచే ప్రైవేటు కాలేజీ ఏ వరుసలోకి వస్తుందో దరఖాస్తుకు ముందే శాఖ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి, స్వచ్ఛంద సంస్థల సర్కారు పోర్టల్ ఎన్‌జీఓ దర్పణ్‌లో నమోదు చేతిలో ఉంచుకోవాలి.

ఫ్యాక్టరీ వాటా పెడితే ఏమొస్తుందంటే, యజమాని తెల్లవారగానే యంత్రం దగ్గరికి వస్తాడు. తన డబ్బున్న యంత్రాన్ని ఎవరూ మూలన పడేయనివ్వరు. షెడ్డు, తొక్క, ఆపరేటర్ జీతం లాంటి వాటిని వాటాగా ఎంతవరకు లెక్కిస్తారో ప్రకటనలో చూసుకోండి. నగదు వాటాకు మాత్రం బ్యాంకు స్టేట్‌మెంటుతో సహా రుజువు సిద్ధంగా ఉండాలి. విడతల మధ్య మూడు నాలుగు నెలలు ఆగినా నడిచేంత డబ్బు చేతిలో లేని పరిశ్రమ ఇందులోకి దిగకపోవడమే మంచిది.

విశ్వవిద్యాలయం, ఫ్యాక్టరీ రాసుకునే అవగాహన పత్రంలో మూడు సంగతులు ముందే తేలాలి. ఒకటి, యంత్రం ఎవరిది. గ్రాంటుతో కొన్న ఆస్తిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మకూడదు, బ్యాంకుకు తాకట్టు పెట్టకూడదు. ఫ్యాక్టరీకి ఇప్పటికే వర్కింగ్ క్యాపిటల్ లోను ఉంటే ప్లాంటులోని యంత్రాలన్నీ బ్యాంకు ఒప్పందంలోకి వచ్చేస్తాయి. గ్రాంటు యంత్రాన్ని అందులోంచి మినహాయిస్తున్నట్టు బ్యాంకు లేఖ తీసుకోండి. రెండు, డిజైన్ హక్కులు. మూడు, ప్రమాదం జరిగితే బాధ్యత: ఆ గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ 18-20 శాతం ఉంటుంది, వాసన ఉండదు. మూసిన షెడ్డులో డిటెక్టరు లేకుండా నడపకూడదన్నది ఒప్పందంలోనే ఉండాలి.

ప్రతిపాదనకు ముందు ఫ్యాక్టరీలో వారం రోజులు రోజుకెన్ని కిలోల తొక్క కాలుతోంది, ఎంత ఆవిరి వస్తోంది, పొగగొట్టం దగ్గర ఉష్ణోగ్రత ఎంత అన్నది తూచి రాసి పెట్టండి. ఇప్పుడెంత ఖర్చవుతోందో తెలియని చోట యంత్రం వచ్చాక ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు, కమిటీ అడిగే మొదటి ప్రశ్నా అదే. తారు కొలవడానికి గ్యాసును మంచులో పెట్టిన ఐసోప్రొపనాల్ సీసాల గుండా పంపి, ద్రావకం ఆవిరి చేసి మిగిలినదాన్ని తూచాలి. ఈ పని విశ్వవిద్యాలయానిది. ఫ్యాక్టరీది లాగ్‌బుక్: ఎన్నింటికి వెలిగించారు, ఎన్నిసార్లు చువ్వ పెట్టారు, ఎందుకు ఆపారు. చువ్వ పెట్టిన లెక్క దాచేస్తే ప్రాజెక్టు దండగ.

అప్పు

టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ప్రాజెక్టు ఖర్చులో సగం దాకా 5 శాతం సాధారణ వడ్డీకి ఇస్తుంది. 2025 జులైలో మంత్రివర్గం ఒప్పుకున్న లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) నిధి కూడా దీర్ఘకాలిక అప్పు, ఈక్విటీ దారిలోనిదే. ఇంధన రంగం అందులో ఉంది, కానీ సాంకేతికత ఎంత సిద్ధమైందో కొలిచే టీఆర్ఎల్ మెట్లలో నాలుగో స్థాయికైనా చేరి ఉండాలి, డబ్బు రెండో అంచె నిధి నిర్వాహకుల ద్వారా వస్తుంది. ఒక్క జీడి పరిశ్రమ పోయి నిలబడే వరుస కాదది. యంత్రం వెయ్యి గంటలు నడిచిన లాగ్‌బుక్ చేతిలో ఉండి, పది పరిశ్రమలకు తయారుచేసి అమ్ముదామనుకునే ఫ్యాబ్రికేటరుకు ఇది సరైన దారి. అంతకుముందు తీసుకుంటే హాపర్ వంతెన కట్టినా కట్టకపోయినా వాయిదా మాత్రం కట్టాలి.

ఇందులో ఇంకో మార్కెట్టుంది. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్ కొలుములకు కోక్ బొగ్గు కావాలి. తొక్క నుంచి తీసిన బొగ్గును కోక్‌లో కొంత పాలుగా కలపగలిగితే పలాస చెత్త విజయనగరం జిల్లాలో సరుకవుతుంది. భాస్వరం, బూడిద పరీక్షలు తేలాలి, పొడిని ముద్దలు కట్టాలి; ఇది ఇంకా పూర్తి గ్రాంటు దశలోని పని. అప్పు జోలికి పోకూడదు.

పరిశోధనే అక్కర్లేనివాళ్లూ ఉన్నారు. పాత బాయిలర్ తీసేసి మార్కెట్లో దొరికే మంచి బాయిలర్, మంచి మోటార్లు పెట్టుకుంటే చాలనుకునే పరిశ్రమ పై మూడింటి వెంటా తిరగనక్కర్లేదు. ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2025లో తెచ్చిన 1,000 కోట్ల అడీటీ పథకంలో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు బ్యాంకు అప్పు వడ్డీలో 5 శాతం, మధ్యతరహా వాటికి 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది. ఎనర్జీ ఆడిట్‌కూ సాయముంది. ఎంపిక చేసిన 14 రంగాల్లో, 60 క్లస్టర్లలో మీ పరిశ్రమ, మీ ఊరు ఉన్నాయో లేదో ముందు చూసుకుని, ఆ తర్వాత ఆడిటర్‌ను పిలవండి.