జాగ్రత్త: అమెరికాలో వ్యాపారం చేయిస్తామనే నెట్‌వర్క్‌కి డబ్బు కట్టేముందు

యూకేలో పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముకుంటూ అమెరికాకి కూడా పంపాలని చూస్తున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మెంబర్‌షిప్ ఫారం ఇప్పటికే మీ చేతికి వచ్చి ఉంటే, సంతకం పెట్టకముందే చదవండి.

మేముండేది మాంచెస్టర్. నేనూ మా ఆడపడుచూ ఆవకాయ, గోంగూర, నువ్వుల కారం చేస్తాం. డాలస్ నుంచి, ఎడిసన్ నుంచి అడిగేవాళ్లు పెరిగేసరికి ఇక్కడి ఒక బిజినెస్ నెట్‌వర్క్‌లో చేరాం. అట్లాంటిక్ అవతల కొనేవాళ్లతో కలపడమే తమ పని అన్నారు. ఏడాదికి 1,800 పౌండ్లు, పైన వ్యాట్. మాకది మూడు నెలల కిచెన్ అద్దె.

మమ్మల్ని పడేసింది ఒక్క మాట: "టెక్సస్‌తో యూకేకి ఒప్పందం ఉంది, మా ద్వారా వెళ్తే సుంకం తగ్గుతుంది." ఒప్పందం ఉన్నమాట నిజమే. 2022 మేలో ఇండియానాతో మొదలుపెట్టి యూకే ప్రభుత్వం ఒక్కో అమెరికా రాష్ట్రంతో అవగాహన ఒప్పందం చేసుకుంటూ వచ్చింది. టెక్సస్‌తో 2024 మార్చిలో కుదిరింది. కానీ దిగుమతి సుంకం రాష్ట్రాల చేతిలో ఉండదు, అది ఫెడరల్ ప్రభుత్వం వేసేది. ఆ ఒప్పందం వల్ల ఆవకాయ సీసా మీద ఒక్క సెంటు కూడా తగ్గదు. డబ్బు కట్టిన నాలుగు నెలలకు కస్టమ్స్ ఏజెంటు చెప్తే ఈ సంగతి తెలిసింది. 800 డాలర్లలోపు పార్శిళ్లకు సుంకం ఉండదని కూడా వాళ్ల బ్రోచర్‌లో రాశారు. ఆ వెసులుబాటు 2025 ఆగస్టు 29తోనే పోయింది. మేం బ్రోచర్ తీసుకున్నది అక్టోబర్లో!

తర్వాత "ఎఫ్‌డీఏ సర్టిఫికెట్" అని ఇంకో 350 పౌండ్లు తీసుకున్నారు. ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ. బంగారు రంగు ముద్రతో కాగితం వచ్చింది, ఫ్రేము కట్టించి గోడకు కూడా పెట్టాం. తీరా చూస్తే ఎఫ్‌డీఏ అసలు అలాంటి సర్టిఫికెట్లే ఇవ్వదు. ఆహారం తయారుచేసే చోటును దాని దగ్గర నమోదు చేసుకోవడానికి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో మనమే చేసుకోవచ్చు. బయటి దేశంవాళ్లకు అమెరికాలో ఉండే ఏజెంటు ఒకరు కావాలి, ఆ ఏజెంటు ఫీజు అడిగితే అది వేరే లెక్క. సరి సంవత్సరాల్లో అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు ఆ నమోదును రెన్యూ చేసుకోవాలని కూడా మాకు ఎవరూ చెప్పలేదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది డబ్బు కాదు. మా సరుకు గురించి వాళ్లకు ఏమీ తెలియదు. ఆమ్లం చేర్చి నిల్వ ఉంచే ఆహారమైతే తయారీ పద్ధతిని విడిగా ఎఫ్‌డీఏకి సమర్పించాలి. మన పచ్చడి ఆ కోవలోకి వస్తుందో రాదో ముందే ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవాలి. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులను కూడా అలర్జీ జాబితాలో చేర్చారు, లేబుల్ మీద తప్పనిసరిగా చెప్పాలి. ఆవాల సంగతి వేరు: ఇక్కడి జాబితాలో ఉన్నాయి, అక్కడి జాబితాలో లేవు. ఆవకాయ అమ్మేవాళ్లకు ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఏముంటుంది? మాకిచ్చిన "కొనుగోలుదారుల జాబితా"లో పదకొండు ఈమెయిళ్లున్నాయి. ముగ్గురు జవాబిచ్చారు, అందులో ఒకాయన తన సొంత కన్సల్టెన్సీకి ఫీజు అడిగాడు.

మానేద్దామంటే ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంది: ఏడాది ముగియడానికి 90 రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పకపోతే మరో ఏడాదికి దానంతటదే కొనసాగుతుందట. పద్నాలుగు రోజుల్లో రద్దు చేసుకోవచ్చు కదా అనుకున్నాను. ఆ హక్కు మామూలు వినియోగదారులకే, కంపెనీ పేరుతో కొన్నవాళ్లకు రాదు. దయచేసి ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇలాంటి నెట్‌వర్క్‌లన్నీ మోసమని నేను అనను. మన సరుకులాంటిదే పంపిన సభ్యులతో ఫోన్‌లో మాట్లాడించమని ముందు అడగండి. మేం అడిగితే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయన నంబరిచ్చారు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. ఎగుమతుల గురించి ప్రభుత్వ వ్యాపార వాణిజ్య శాఖ ఉచితంగానే సలహా ఇస్తుంది, మొదట అక్కడ అడగండి.

మా ఒప్పందం కాపీ నా దగ్గరుంది. ఎవరైనా ఇలాంటి దాని మీద సంతకం పెట్టబోతుంటే అడగండి, పేర్లు తీసేసి పంపిస్తాను. పక్కపక్కన పెట్టి ఆ 90 రోజుల షరతు ఉందేమో చూసుకోవచ్చు.