ముఖమా, ఉత్తరమా, కథా: సాన్నిహిత్యంపై తెలుగు సిరీస్‌కు ఏ రూపం మేలు?

బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీ హాస్టల్ డాబా మీద, ఆరవేసిన బట్టల మధ్య కూర్చుని 26 ఏళ్ల అనంతపురం కుర్రవాడితో రెండు గంటలు మాట్లాడాను. ఉద్యోగం, ఇంటి అప్పు, నాన్నగారి మోకాళ్ల నొప్పి, అన్నీ చక్కని తెలుగులో చెప్పుకొచ్చాడు. ఇష్టపడిన అమ్మాయి దగ్గరకు వస్తే ఒళ్లు బిగుసుకుపోతుందన్న సంగతి దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషులోకి మారిపోయాడు.

ఈ సంగతులకు తెలుగులో కావ్యాల మాటలున్నాయి, బూతులున్నాయి. ఆ రెంటి మధ్య మామూలుగా చెప్పుకోగల మాటలే కరువు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో కవయిత్రి ముద్దుపళని శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ను అచ్చు వేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో గాని ఆ నిషేధం తొలగలేదు. ఉన్న మాటలను కూడా ఇలా పోగొట్టుకున్నాం.

శారీరక సాన్నిహిత్యం దగ్గర తడబడే యువతీ యువకుల కోసం మేము ముగ్గురం ఒక సిరీస్ తయారు చేస్తున్నాం. దానికి ఏ రూపం ఇవ్వాలన్నదే మూడు నెలలుగా మా వాదన.

మా దర్శకుడికి నిజమైన మనుషులు కావాలి. 2025లో బ్రిటన్‌లో చానెల్ 4 ప్రసారం చేసిన ‘వర్జిన్ ఐలాండ్’ అలాంటిదే. లైంగిక అనుభవం లేని 12 మందిని ఒక దీవికి తీసుకువెళ్లి థెరపిస్టుల సాయం అందించారు. నిజమైన తడబాటులో ఉన్న బలాన్ని నేను కాదనను. చెప్పబోయి ఆగిపోయిన మనిషి కంఠంలో కదలిక ఏ నటుడికీ అంత సులువుగా పట్టుబడదు.

అయినా నేను ఒప్పుకోలేదు. కారణం వైద్యంలోనే ఉంది. దగ్గరైన క్షణంలో మనిషి తనను తాను బయటి నుంచి చూసుకోవడం మొదలుపెడతాడని, ఆ గమనింపు వల్లే శరీరం మొరాయిస్తుందని మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికన్ పరిశోధకులు 1970లో రాశారు. వారు సూచించిన చికిత్సలో దంపతులు కొంతకాలం సంభోగం ఊసెత్తకూడదు. ఊరికే తాకడం, ఆ స్పర్శ ఎలా ఉందో గమనించడం, అంతే. నెగ్గాలన్న ఒత్తిడి పోయాక శరీరం తనంతట తాను వదులవుతుంది. తనను తాను చూసుకుంటూ భయపడే మనిషి ముందు కెమెరా పెడితే ఏమవుతుంది? ఉన్న ఒక ప్రేక్షకుడికి లక్షల మందిని జత చేస్తాం. బాధను నయం చేస్తామని చెప్పి దానికే మేత వేస్తాం.

డాబా మీది కుర్రవాడు ఆ రాత్రి పంపిన సందేశం ఇది: “అక్కా, నా గొంతు వాడుకోండి. ముఖం మాత్రం వద్దు. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు.” తన పరువు గురించి ఒక్క ముక్క లేదు. బెంగళూరులో తీసిన దృశ్యం సాయంత్రానికి ఊళ్లోని ఫోనుల్లో ఉంటుందని అతనికి తెలుసు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం చికిత్సలో ఉన్న వ్యక్తి ఫొటోను, వివరాలను సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. సంతకం తీసుకుంటే చాలదా అంటాడు దర్శకుడు. ఇరవై ఏళ్లకు పెట్టిన సంతకం భారాన్ని ముప్పై ఏళ్లకు మోయాల్సింది ఆ మనిషే. చెల్లెలు అయితే ఏ సంతకమూ పెట్టలేదు.

రెండో దారి డాక్టరుతో ప్రశ్నలు, జవాబులు. ఖర్చు తక్కువ, మన పాఠకులకు అలవాటైనదీ. డాక్టర్ సమరం గారు ‘స్వాతి’ వారపత్రికలో ఏళ్ల తరబడి చేసింది అదే. చెన్నైలో మానసిక వైద్యుడు మాతృభూతం తమిళ ప్రేక్షకుల కోసం విజయ్ టీవీలో ఆ పని చేశారు. పేరు లేని ఉత్తరానికి ఉన్న ధైర్యం ముఖానికి ఉండదు. హస్తప్రయోగం వల్ల నీరసం వస్తుందన్న భయం, మొదటి రాత్రి రక్తం కనబడాలన్న అపోహ, ఇలాంటివి తుడవడానికి ఇంతకంటే మంచి రూపం లేదు.

కానీ ఉత్తరం ఒక్కరే రాస్తారు. ఇబ్బంది ఇద్దరి మధ్య ఉంటుంది. పెళ్లయి నాలుగు నెలలైనా కండరాలు బిగుసుకుపోయి నొప్పితో కలవలేకపోతున్న అమ్మాయికి అది వైద్యం ఉన్న సమస్యేనని డాక్టరు చెప్పగలరు. ఆ రాత్రి పక్కన పడుకున్న భర్తతో మొదటి మాట ఏమని చెప్పాలో జవాబులో దొరకదు.

అది కథ ఒక్కటే చూపించగలదు. అందుకే నా ఓటు కథకు. బెళ్లందూరులో ఒక ఫ్లాటు, ఆఫీసు షిఫ్టులు కలవని జంట, వారానికోసారి కౌన్సెలింగ్ గది. ఆమె “ఇవాళ వద్దు” అంటుంది. అతను అటు తిరిగి పడుకోకుండా “సరే, చేయి పట్టుకోనా?” అని అడుగుతాడు. ఈ ఒక్క సంభాషణ మూడుసార్లు తిరగరాశాను. తెలుగులో సహజంగా పలికే వరకు వదలలేదు.

కథకు ఖర్చు ఎక్కువే. ఏ స్పర్శకు ఎవరు ఒప్పుకున్నారో ముందే తేల్చి, చిత్రీకరణలో నటుల పక్షాన నిలబడే ఇంటిమసీ కోఆర్డినేటర్ కావాలి. స్క్రిప్టును సైకియాట్రిస్టు చదవాలి. ఇక్కడ పొదుపు చేస్తే సమ్మతి గురించి చెప్పే సిరీస్‌ను సమ్మతి లేకుండా తీసినట్టవుతుంది.

టీవీనా, ఓటీటీనా అన్నదానిపై పెద్దగా వాదన లేదు. హాల్లో అమ్మానాన్నల ముందు ఎవరూ దీన్ని చూడరు. 2021 ఐటీ నిబంధనలు ఓటీటీలకు వయసు వర్గాలు పెట్టాయి. 16 ఏళ్లు పైబడినవారి వర్గంలో నిలిచేలా, నగ్నత్వం లేకుండా రాస్తున్నాం.

దర్శకుడికి నిజమైన గొంతు కావాలన్న పట్టు పోలేదు. అది న్యాయమే. ప్రతి భాగం చివర ఒక నిమిషం, నల్లని తెర మీద, అసలు మనిషి గొంతు వినిపిద్దామని కుదిరింది. ఆ కుర్రవాడు ఒప్పుకున్నాడు. తన ఊరి పేరు తీసేయమన్నాడు, ఇంగ్లీషులో చెప్పిన ముక్కను మళ్లీ తెలుగులో రికార్డు చేస్తానన్నాడు. ఆదివారం వస్తున్నాడు.