మా డివిజన్ కార్పొరేటర్ గారికి మళ్లీ ఓటేయాలా? ఐదేళ్లు చూశాక నా అభిప్రాయం

విజయనగరంలో 2021 మార్చి 10న ఓటేశాం. కార్పొరేషన్ హోదా వచ్చాక మాకు జరిగిన మొదటి ఎన్నికలవి, మొత్తం 50 డివిజన్లు. మా డివిజన్‌లో గెలిచినావిడ మళ్లీ నిలబడతానని ఇప్పుడు ఇంటింటికీ తిరిగి చెబుతున్నారు. ఆవిడ ఏ పార్టీయో రాయను. ఐదేళ్లలో ఏం చేశారు, ఏం వదిలేశారు, ఈసారి ఏ పని ముందు పెట్టుకున్నారు అన్నదే నాకు ముఖ్యం.

నా ఓటు ఆవిడకే వేయాలని ఉంది. కానీ ఆవిడ పంచుతున్న కరపత్రంలో మొదటి పని మారాలి. ఎందుకో చెబుతాను.

కార్పొరేటర్ చేతిలో డబ్బులుండవన్న సంగతి చాలామందికి తెలియదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎస్టిమేటు వెయ్యాలి, అది కౌన్సిల్ అజెండాలోకి ఎక్కాలి, టెండరు పిలవాలి, పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టరు ముఖం చాటేయకుండా ఉండాలి. ఇక పింఛన్లు, సర్టిఫికెట్ల వంటివన్నీ 2019లో వార్డు సచివాలయాలు వచ్చాక అక్కడికి వెళ్లిపోయాయి. కార్పొరేటర్‌కి మిగిలిందల్లా జనం మాట విని, ఆ పని అయ్యేదాకా ఆఫీసు వాళ్ల వెంట పడటం. ఈ విషయంలో మాత్రం ఆవిడకు పూర్తి మార్కులు వేస్తాను.

కాలువ పూడిక సంగతే చూడండి. పారిశుద్ధ్య కార్మికులు పూడిక తీసి గట్టున పోస్తారు. తడి ఆరాక ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోవాలి. ట్రాక్టరు రాకపోతే ఒక్క వానకి ఆ మట్టంతా మళ్లీ కాలువలోకే జారిపోతుంది, వాళ్ల కష్టమంతా నీళ్లపాలు. ఆవిడ పూడిక తీసిన రోజు ఫొటో దిగి వెళ్లిపోయే మనిషి కాదు. రెండో రోజు వచ్చి, కుప్పలు ఇంకా అక్కడే ఉంటే వీధి మధ్యలో నిలబడే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేస్తారు. చిన్న పనే. కానీ అంతకుముందు మా వీధిలో ఆ చిన్న పని ఎవరూ పట్టించుకోలేదు.

మొదట్లో ఏ ఫిర్యాదు చెప్పినా వాళ్లాయనే ఫోన్ ఎత్తేవారు. మీటింగుకీ ఆయనే, కల్వర్టు చూడ్డానికీ ఆయనే. మా వీధి ఆడవాళ్లు 'మేం ఓటేసింది మీకమ్మా' అని మొహం మీదే అన్నారు. తర్వాత ఆవిడే రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు కమిషనర్ దగ్గర మాట్లాడేది కూడా ఆవిడే. మహిళా రిజర్వేషన్‌కి అర్థం దక్కాలంటే ఇలాగే ఉండాలి.

నీళ్ల విషయంలో ఆవిడ చేసినదాన్ని నేను మర్చిపోలేను. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్లలో అతిసారం వచ్చి మనుషులు చనిపోయారు. ఆ వారం ఊరంతా టెన్షన్. ఆవిడ సచివాలయంలో నీళ్లు, కాలువల పనులు చూసే అమెనిటీస్ సెక్రటరీని వెంటబెట్టుకుని ప్రతి సందూ తిరిగారు. సందు చివరి ఇంటి కుళాయి నీళ్లు చిన్న గాజు గొట్టంలో పట్టి, మందు చుక్క వేసి చూపించారు. పసుపు రంగుకి తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. చివరి కుళాయిలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మా సందులో గొట్టం తెల్లగానే ఉండిపోయింది. కారణం వెతికితే, ఇళ్ల కనెక్షన్ పైపులు మురుగు కాలువలోంచే పోతున్నాయి, ఒకచోట తుప్పు పట్టి చిల్లు కూడా ఉంది. పైపులు కాలువ పైకి మార్పించేదాకా ఆవిడ ఊరుకోలేదు. ఆ ఒక్క పనికే ఓటు వేయొచ్చు.

ఇక నాకు నచ్చనివి. ఆస్తి విలువ మీద ఇంటి పన్ను లెక్క వచ్చినప్పుడు, చెత్తకి నెలనెలా వసూలు మొదలైనప్పుడు ఆవిడ కౌన్సిల్లో నోరు విప్పలేదు. పన్ను పెంపు ఏడాదికి 15 శాతం దాటదని మాకు చెప్పింది కూడా సచివాలయం పిల్లలే. రాష్ట్రం తీసుకున్న నిర్ణయాన్ని ఒక కార్పొరేటర్ ఆపలేరని నాకూ తెలుసు. అయినా అద్దె ఇళ్లలో ఉండేవాళ్ల బాధని రికార్డులోకి ఎక్కించాల్సింది.

అన్నిటికన్నా పెద్ద పేచీ రోడ్లది. ఆవిడ కరపత్రంలో మొదటి వాగ్దానం 'ప్రతి వీధికీ కొత్త సీసీ రోడ్డు'. మా పాత ఊరి సందుల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే కాంక్రీటు పోస్తున్నారు. రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇళ్లు కిందకి పోతాయి. మా ఎదురింటి మామ్మ ఇంటికి ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లేవాళ్లం, ఇప్పుడు ఒక మెట్టు దిగాలి. 'మా అరుగు ఏటయిపోయిందమ్మా?' అని మామ్మ అడిగితే ఏఈ దగ్గర జవాబు లేదు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను వచ్చిన రాత్రి మామ్మ మంచం కింద నీళ్లు నిలిచాయి. కాలువలు వెడల్పు చేశామన్నారు గానీ, మెయిన్ రోడ్డు కింద కల్వర్టు మాత్రం పాత ఇరుకుదే. పైనుంచి ఎంత నీరొచ్చినా ఆ ఇరుకు కల్వర్టులోంచే పోవాలి కదా. దాని మీద ఎస్టిమేటు వేశారని విన్నాం, అంతకు మించి కదల్లేదు.

మా అక్క శ్రీకాకుళంలో ఉంటుంది. అక్కడ 2010లో పాలకవర్గం గడువు తీరాక ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. 2021లో మేం ఓటేసినప్పుడు కూడా వాళ్లకి ఎన్నికలు లేవు. 'కాలువ పొంగితే ఎవరిని అడగాలో తెలీదు, మీకు తిట్టుకోడానికైనా ఒక మనిషుంది' అంటుంది అక్క. మాకు అడిగే వీలుంది కాబట్టే గట్టిగా అడుగుతున్నాను.

మా వీధికి ప్రచారానికి వచ్చినప్పుడు ఆవిడకి చెప్పబోయేది ఇదే. ముందు కల్వర్టు, ఆ తర్వాత కాలువల వాటం, ఆ తర్వాతే రోడ్డు. రోడ్డు వేసేటప్పుడు పాత కాంక్రీటు తవ్వి, ఇళ్ల గడపల కన్నా కిందకి ఉండేలా లెవెల్ పెట్టాలని ఎస్టిమేటులోనే రాయించాలి. కరపత్రంలో ఆ వరుస మారిస్తే మా ఇంట్లో ఓట్లన్నీ ఆవిడకే. మార్చనంటే, ఆ మాట ఎవరిస్తారో చూసి వాళ్లకి వేస్తాం.