పార్కిన్సన్స్‌కి తల మీద కరెంటు పెట్టే హెడ్‌సెట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

"మెదడుకి కరెంటు, ఒంటికి వ్యాయామం, రెండూ కలిస్తే జ్ఞాపకశక్తి తిరిగొస్తుంది" అంటూ పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల కోసం ఒక రకం హెడ్‌సెట్ కిట్ అమ్ముతున్నారు. మా నాన్నగారి కోసం కొన్నాం. నుదుటి మీద చర్మం కాలింది, డబ్బు వెనక్కి రాలేదు.

నాన్నని వణుకు కంటే ఎక్కువ బాధపెట్టేది ఆలోచన మందగించడం. మాట మధ్యలో ఆగిపోతారు, రెండు పనులు ఒకేసారి చెబితే తికమకపడతారు. ఈ జబ్బులో ఏకాగ్రత, ఒక పని తర్వాత ఇంకో పని సర్దుకునే శక్తి తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది. ఆ బెంగలో ఉన్న ఇంటికి ఇలాంటి ప్రకటన ఎంత ఆశ పెడుతుందో నాకు బాగా తెలుసు.

కిట్‌లో ఉప్పునీటితో తడిపే స్పాంజి ఎలక్ట్రోడ్లు, ఒక యాప్, వ్యాయామం వీడియోలు ఉంటాయి. హెడ్‌సెట్ పెట్టుకునే సైకిల్ తొక్కమంటారు. తొక్కుతుంటే చెమట పడుతుంది, పట్టీ జారుతుంది, స్పాంజి ఒక అంచు ఆరిపోతుంది. అప్పుడు కరెంటంతా తడిగా మిగిలిన కొద్ది చోటు నుంచే వెళ్తుంది. నాన్నకి కాలింది అలాగే. ఫోన్ చేస్తే "ఎర్రబడటం మామూలే, వాడుతూ ఉండండి" అన్నారు. కాస్త ఎర్రబడటం, చురచురమనడం మామూలే కావచ్చు. బొబ్బ లేచాక కూడా వాడమనడం ఏం న్యాయం? బాక్స్ తెరిచారు కాబట్టి డబ్బు ఇవ్వలేమన్నారు.

నాకు ఇంకా కోపం తెప్పించింది వేరే ఉంది. అమ్మే ముందు ఒక్క ఆరోగ్య ప్రశ్న కూడా అడగలేదు. మెదడులో డీబీఎస్ ఎలక్ట్రోడ్లు (వణుకు లాంటివి తగ్గించడానికి ఆపరేషన్ చేసి లోపల అమర్చే కరెంటు తీగలు) ఉన్నాయా, పేస్‌మేకర్ ఉందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, లేచి నిలబడితే బీపీ పడిపోతుందా? పార్కిన్సన్స్ వాళ్లలో డీబీఎస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎందరో ఉంటారు. అలాంటివాళ్లు తమ డాక్టరు చెప్పకుండా దీన్ని ఆన్ కూడా చేయకూడదు.

పరిశోధన జరగడం లేదని నేను అనను. 1 నుంచి 2 మిల్లీయాంపియర్ల కరెంటు ఓ 20 నిమిషాలు ఇస్తూ, దానికి ఫిజియోథెరపీ కలిపి చూస్తున్నారు. కానీ అవి ఎక్కువగా చిన్న చిన్న ప్రయోగాలు, ఫలితాలు ఒక్కలా లేవు, పక్కన నిపుణులుంటారు. ఇళ్లలో సొంతంగా ఇలాంటి కరెంటు పెట్టుకునేవాళ్లని హెచ్చరిస్తూ 2016లో పరిశోధకులే ఒక వైద్య పత్రికలో బహిరంగ లేఖ రాశారు. మనిషిని బట్టి ప్రభావం మారుతుంది, కరెంటు పెట్టుకున్నప్పుడు చేసే పనిని బట్టీ మారుతుంది, ఎక్కువసేపు పెడితే ఎక్కువ మేలని అనుకోవద్దు అన్నారు.

వ్యాయామం సంగతి వేరు. ప్రకటనలో గొప్పగా చూపించిన ట్రెడ్‌మిల్ పరిశోధన నిజమైనదే, 2018లో వచ్చింది. జబ్బు తొలిదశలో ఉన్న 128 మందితో చేశారు. బాగా వేగంగా నడిచిన వాళ్లలో కదలికల ఇబ్బంది ఆరు నెలల్లో పెద్దగా పెరగలేదు. అందులో ఏ హెడ్‌సెట్టూ లేదు, తేల్చింది జ్ఞాపకశక్తి గురించీ కాదు. నడకకి వచ్చిన పేరుని డబ్బాకి అంటగట్టి అమ్ముతున్నారు.

మొదట్లో నాన్న "కొంచెం తేలిగ్గా ఉంది" అన్న మాట నిజమే. రోజూ సైకిల్ తొక్కుతున్నారు కదా! పైగా పార్కిన్సన్స్‌లో నమ్మకం కూడా పనిచేస్తుంది: ఉత్తుత్తి మందు ఇచ్చినా, ఈ జబ్బులో తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనం మెదడులో విడుదలవుతుందని 2001లోనే చూపించారు. రెండూ కలిపి అమ్మితే దేనివల్ల మేలు జరిగిందో కొన్నవాళ్లు తేల్చుకోలేరు.

ఇప్పటికే కొని ఉంటే వాడటం ఆపి న్యూరాలజిస్టుకి చూపించండి. చర్మం కాలితే ఫొటోలు తీయండి, బిల్లు, చాట్ అన్నీ దాచుకోండి. ఇంకా కొననివాళ్లు అమ్మేవాళ్లని రెండు అడగండి: పార్కిన్సన్స్‌కి ఈ పరికరం వాడటానికి ప్రభుత్వ అనుమతి ఉందా, ఇదే పరికరంతో పార్కిన్సన్స్ వాళ్ల మీద ప్రయోగం జరిగిందా? జవాబు రాసి ఇవ్వకపోతే డబ్బు కట్టకండి.