జాకెట్టు కొలత చూసి కొన్న బీపీ మిషన్

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఎదురుగానో హన్మకొండ చౌరస్తాలోనో ఏ మెడికల్ షాపులో బీపీ మిషన్ అడిగినా ముందు కంపెనీ పేర్లే చెప్తారు. ఓమ్రాన్, బీపీఎల్, డాక్టర్ మోర్‌పెన్... మేం కొన్నది ఏదో ఇక్కడ రాయను. రాస్తే అందరి కన్నూ పేరు మీదికే పోతుంది. కొన్నేళ్లుగా వాడుతున్నదాన్నిగా నేను చెప్పేది ఒకటే, చేతికి చుట్టే పట్టీ చూసి కొనండి. పట్టీ సరిపోకపోతే ఎంత మంచి మిషనైనా తప్పే చూపిస్తుంది.

మా ఇంట్లో బీపీ ఇద్దరికి. మామయ్య సన్నగా ఉంటారు, అత్తమ్మ చేయి లావు. మామూలు మిషన్లతో వచ్చే పట్టీ మీద చాలావరకు 22–32 సెం.మీ. అని రాసి ఉంటుంది. భుజానికీ మోచేతికీ నడుమ చేయి చుట్టుకొలత ఆ లోపల ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది. అత్తమ్మ జాకెట్లు కుట్టే ఆమె రాసిచ్చిన చీటీలో ‘చేతి లూజు పదమూడున్నర’ అని ఉంది. అంటే 34 సెంటీమీటర్లు. కుట్టులో కాస్త వదులు పెడతారు కదా అని టేపుతో కూడా చూశాను, 33 వచ్చింది. షాపాయన మాత్రం “అందరికీ ఇదే నడుస్తదమ్మా” అన్నాడు. నడవదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది, సన్న చేతికి మరీ పెద్దది చుడితే తక్కువ వస్తుంది. ఆ లెక్క నమ్మి డాక్టర్ గోలీ డోసు పెంచితే? అందుకే 22 నుంచి 42 దాకా పట్టే వెడల్పు పట్టీ ఉన్న మోడలే కావాలని తెప్పించుకున్నాం. కొన్ని వందలు ఎక్కువైంది కానీ ఇద్దరికీ అదొక్కటే సరిపోయింది.

మా మరిది దుబాయ్ నుంచి వస్తూ మణికట్టుకు పెట్టుకునేది ఒకటి తెచ్చాడు. ముచ్చటగా ఉంటుంది. కానీ చేయి గుండెకు పది సెంటీమీటర్లు కిందికి ఉంటే రీడింగ్ ఏడెనిమిది పాయింట్లు పెరుగుతుంది, ఒళ్లో చేయి పెట్టుకుని కూర్చోవడమేమో అత్తమ్మ అలవాటు. ఇప్పుడది బీరువాలో ఉంది. మరిదికి చెప్పకండి.

డబ్బా మీద ‘క్లినికల్లీ వ్యాలిడేటెడ్’ అని గానీ, ఐఎస్ఓ 81060-2 (బీపీ మిషన్ సరిగ్గా చూపిస్తుందా అని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం) అని గానీ ఉందేమో చూడండి. ఆ పరీక్షలో మిషన్‌కూ డాక్టర్లు చెవులతో విని చూసే పద్ధతికీ సగటు తేడా 5 పాయింట్లు దాటకూడదు. మేం కొన్న కొత్తలోనే మిషన్‌ను సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి పోయాం. ఒకే చేతికి ఆయనదీ మాదీ మార్చి మార్చి పెట్టి చూశారు. పెద్ద తేడా రాలేదు. ఏడాదికోసారి చెకప్‌కు పోయినప్పుడు ఇప్పటికీ అదే పని. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఇంటి మిషన్ లెక్కను ఎంతవరకు నమ్మాలో డాక్టర్‌నే అడగాలి.

ఇక మన్నిక. ముందు పాడైంది పట్టీయే. వెల్‌క్రోలో నూలుపోగులు, వెంట్రుకలు ఇరుక్కుని, గాలి నిండుతుండగా చర్రుమని ఊడొచ్చేది. పాత టూత్‌బ్రష్‌తో గీకితే కొన్నాళ్లు నడిచింది. తర్వాత మిషన్‌కు గుచ్చే చోట గొట్టం చీలింది. గాలి ఎక్కుతుంది, సగంలో ఆగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, చివరికి ఎర్రర్. పట్టీ ఒక్కటే విడిగా తెప్పించాం, మిషన్ మళ్లీ మామూలే. అందుకే మీరు కొనేముందే ఆ మోడల్‌కు విడి పట్టీ దొరుకుతుందా అని అడగండి. దొరకదంటే, ఎంత చౌకైనా వద్దు.

సెల్లు నాలుగు పడతాయి, కరెంటు లేకున్నా ఇబ్బంది లేదు. స్క్రీన్‌లో లైటు లేకపోవడం చిరాకు, పొద్దున్నే గదిలో లైటు వేస్తే తప్ప అంకెలు కనపడవు. బ్లూటూత్ ఉన్నవి ఇంకో వెయ్యి ఎక్కువ చెప్పారు, మాకు అక్కర్లేదు. మాదాంట్లో మెమరీ ఉంది కానీ ఇద్దరి రీడింగులూ కలిసిపోతాయి. మామయ్య పాత డైరీలో రెండు గళ్లు గీసి రాస్తారు. డాక్టర్ చూసేదీ ఆ డైరీనే.

చెకప్‌కు ముందు వారం పొద్దున గోలీ వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నడుమ ఒక నిమిషం ఆగి చూస్తాం. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీస్తాం. బీపీ ఎక్కువ అనడానికి ఆస్పత్రిలో 140/90 ఎంతో ఇంట్లో 135/85 అంత. చూసే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి కూర్చోవాలి. అరగంట ముందు నుంచి చాయ్ వద్దు. మామయ్యకు చాయ్ పడనిదే తెల్లారదు, కాబట్టి లేవగానే ఆయన వంతు. అత్తమ్మతో గొడవ వేరే. పట్టీ బిగుస్తుండగానే “పాలాయన వచ్చిండా బిడ్డా?” అంటుంది. మాట్లాడితే పై అంకె ఎక్కుతుంది, మళ్లీ మొదటికి.

ఆమెకు ఆస్పత్రిలో ఎప్పుడూ నూట యాభై దాటుతుంది, ఇంట్లో నూట ముప్పై అటూఇటూ. డైరీ చూశాకే డాక్టర్ డోసు పెంచకుండా ఆపారు. మిషన్‌కు పెట్టిన డబ్బులు మాకు అక్కడే వచ్చేశాయి.

కొనేటప్పుడు వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేదని మమ్మల్ని సర్వీస్ సెంటర్ చుట్టూ తిప్పారు.