ఫ్రీ వీపీఎన్, డబ్బు కట్టేది, ఇంట్లో పెట్టుకునేది: ఏది మేలు?

"ఏ వీపీఎన్ వేసుకోమంటావ్?" అని నెలకు నలుగురైనా అడుగుతారు. పోయిన వారం మా బాబాయ్ అడిగాడు, అప్పటికే ఒక ఫ్రీ యాప్ వేసేసుకుని మరీ. అది ఎవరిదని అడిగితే "నాలుగున్నర స్టార్లున్నాయిరా" అన్నాడు.

నేను స్టార్లు చూడను, స్పీడు కూడా తర్వాతే. అవతలి కొసన ఎవరున్నారో చూస్తాను. వీపీఎన్ ఆన్ చేస్తే మన ఫోన్ పంపేదంతా తాళం పడి, ఇంకో కవరులో ఆ కంపెనీ సర్వర్‌కు చేరుతుంది. అక్కడ పై కవరు విప్పి, తన ఐపీ అడ్రస్ (నెట్‌లో చిరునామా) మీద అసలు సైట్‌కు పంపిస్తారు. ఇంటర్నెట్ కంపెనీకి పై కవరు తప్ప ఏమీ కనపడదు. సైట్లు వేసే ఇంకో తాళం, హెచ్‌టీటీపీఎస్ పుణ్యమా అని పాస్‌వర్డ్‌లు, మెసేజ్‌లు విప్పేవాడికీ అందవు. కానీ ఏ సైట్‌కు, ఏ టైముకి వెళ్లామన్న చిట్టా మాత్రం ఇప్పుడు వాడి చేతిలో ఉంటుంది.

మరి ఫ్రీగా ఇచ్చేవాడికి ఆ చిట్టా కాక ఇంకేం గిట్టుబాటు? ఫేస్‌బుక్ 2013లో ఒనావో కంపెనీని కొని, దాని ఫ్రీ వీపీఎన్ ద్వారా జనం ఏ యాప్‌లు వాడుతున్నారో గమనించింది. 2018లో దాన్ని ఆపిల్ స్టోర్ నుంచి తీసేయాల్సి వచ్చింది. ప్రోటాన్ ఫ్రీ ప్లాన్ లాంటివి వేరు, డబ్బు కట్టేవాళ్ల మీద నడుస్తాయి. బాబాయ్‌తో ఆ యాప్ తీయించి ఇదే వేయించాను.

డబ్బు కట్టేవాటిలో నాకు నచ్చింది మల్వాడ్. నెలకు 5 యూరోలు, ఈమెయిల్ కూడా అడగదు. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు వారెంట్‌తో వస్తే, ఇవ్వడానికి కస్టమర్ల వివరాలేవీ లేవని చూపించి పంపించారు. మన దగ్గర 2022లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు భద్రపరచాలంది. దాంతో పెద్ద కంపెనీలు కొన్ని ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు "ఇండియా" అని నొక్కితే ఆ సర్వర్ నిజంగా సింగపూర్‌లో ఉండొచ్చు.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు బ్రౌజర్ వరకే, మిగతా యాప్‌లకు పనిచేయవు. వాటిని వదిలేద్దాం.

నేను చివరికి వీపీఎన్ సర్వర్‌ను గుంటూరులో అమ్మానాన్నల ఇంట్లోనే పెట్టాను. ఒక పాత రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), దాని మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్. వైర్‌గార్డ్ కోడ్ దాదాపు 4,000 లైన్లే, 2020 నుంచి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్‌లోనే ఉంది. కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) రాయడం పది నిమిషాల పని, కనెక్ట్ అవడానికే ఒక ఆదివారం పోయింది. రూటర్‌లో చూస్తే ఐపీ 100.72తో మొదలైంది. అంటే అది ఇంటర్నెట్ కంపెనీ లోపలి అడ్రస్, బయటికి మాత్రం పేటంతటికీ కలిపి ఒకటే పబ్లిక్ ఐపీ. బయటి నుంచి ఇంటి తలుపు కనపడదన్నమాట. స్టాటిక్ ఐపీ (మనకంటూ మారని అడ్రస్) కొనకుండా, వైర్‌గార్డ్ మీదే నడిచే టెయిల్‌స్కేల్ అనే సర్వీసు వేస్తే పని తెమిలింది.

ఇంటి ఇంటర్నెట్ కంపెనీ నుంచి ఇది ఏదీ దాచదు, అది కావాల్సినవాళ్లు డబ్బు కట్టేదే చూసుకోండి. నాకు కావాల్సింది హోటల్ వైఫైలో టెన్షన్ లేకపోవడం, గేటు కెమెరా చూసుకోవడం. అవతల కవరు విప్పేది మా ఇంటి డబ్బానే. కరెంటు పోతే మాత్రం అన్నీ బంద్. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు రూటర్‌నీ, రాస్ప్‌బెర్రీ పై డబ్బానీ ఇన్వర్టర్ లైన్‌లోకి మార్చి వచ్చాను.